పొందూరులో పన్నెండు నిమిషాల సినిమాకి సౌండ్ పట్టిన కథ – నా అనుభవం

శ్రీకాకుళంలో పెళ్ళి వీడియోలు ఎడిట్ చేసుకునేవాడికి సౌండ్‌తో పెద్దగా పనుండదు. సన్నాయి, మంగళసూత్రం మంత్రాలు కొంచెం వినిపించి, మిగతాదంతా పాట వేసేస్తాం. 2024 డిసెంబరులో మా బావ ఫోన్ చేసి, "షార్ట్ ఫిల్మ్ తీస్తన్నాను, సౌండు నువ్వే చూసుకోవాలి" అన్నప్పుడు మైకు ఒకటి పట్టుకుంటే చాలనుకుని ఒప్పుకున్నాను. అది పూర్తయ్యేసరికి ఏప్రిల్ వచ్చింది. మన వైపు ఇలాంటి పని నెత్తికెత్తుకునేవాళ్ళకి ఏమైనా పనికొస్తుందని రాస్తున్నాను.

కథ చిన్నదే. పొందూరులో నూలు వడికే ముసలమ్మ. విశాఖలో ఉద్యోగం చేసే కొడుకు వచ్చి, ఇల్లు తాళం వేసి తనతో వచ్చేయమంటాడు. ముసలమ్మగా నటించింది బావవాళ్ళ వీధిలో నిజంగానే రాట్నం తిప్పే మామ్మ. కొడుకు వేషం శ్రీకాకుళం నాటకాల కుర్రాడిది.

మొదటి తగువు తేదీల దగ్గరే వచ్చింది. బావ డిసెంబరు ఆఖరిలో తీసేద్దామన్నాడు. ధనుర్మాసంలో తెల్లారకముందే గుడి మైకు మొదలవుతుంది, తీసింది తీసినట్టు పోతుందని నేను ఒప్పుకోలేదు. భోగితో ఆ మైకు ఆగుతుంది. సంక్రాంతికి ఊరంతా చుట్టాలు. మాఘం వస్తే పెళ్ళి డీజేలు. మధ్యలో దొరికింది జనవరి 18, 19, శని ఆదివారాలు. కెమెరావాడి వీలూ ఆర్టిస్టుల వీలూ చూసి షూటింగు పెట్టుకుంటారని విన్నాను కానీ, మేం మాత్రం మైకుసెట్ల వీలు చూసి పెట్టుకున్నాం.

జనవరి మొదటి వారంలో మామ్మ ఇంటికి వెళ్ళి, అద్దె రికార్డర్ ఇంకా చేతికి రాలేదు కాబట్టి ఫోన్‌కి ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని నడవలో కూర్చున్నాను. చెవితో వింటే నిశ్శబ్దంగా ఉన్న ఇల్లు మైకులోంచి వింటే సంతలా ఉంది. ఫ్రిజ్ గురక, పక్కింటి ఇన్వర్టర్ హమ్, దూలం మీద పావురాలు, వీధిలో ఉల్లిపాయల ఆటోలో అరిగిపోయిన రికార్డు. అన్నిటికీ మించి రైలు. పొందూరు హౌరా–చెన్నై మెయిన్ లైను మీద ఉంది. ఇటు దూసి, అటు సిగడాం. పాసింజర్లకీ ఎక్స్‌ప్రెస్‌లకీ టైమ్‌టేబుల్ ఉంటుంది, తప్పించుకోవచ్చు. గూడ్సుకి టైము లేదు. అది వచ్చినప్పుడు మామ్మ కూడా మాట ఆపేసి, పోయాక సరిగ్గా ఆపిన చోటినుంచే అందుకోవడం గమనించాను. ఆ అలవాటు తరవాత మమ్మల్ని చాలాసార్లు కాపాడింది.

సామాను విశాఖలో అద్దెకి తీసుకున్నాం. జూమ్ హెచ్5 రికార్డరు, ఎటు తిప్పితే అటు చప్పుడే ఎక్కువగా పట్టే షాట్‌గన్ మైకు, దాన్ని చివర తగిలించే బూమ్ కర్ర, మైకుకి తొడిగే బొచ్చు తొడుగు, మైకుని రికార్డరుకి కలిపే ఎక్స్‌ఎల్‌ఆర్ కేబుల్. అంతా కలిపి రోజుకి 1,800 రూపాయలు, 10,000 డిపాజిట్, ఆధార్ జిరాక్స్. శుక్రవారం సాయంత్రం తీసుకుని సోమవారం పొద్దున్న పది గంటలకల్లా ఇస్తే రెండు రోజుల లెక్క. పది దాటితే మూడో రోజు పడుతుంది. ఇది రసీదు వెనకాల రాసుంటుంది, ముందు వైపు ఉండదు. బోయా బీవై-ఎం1 కాలర్ మైకు ఒకటి 900కి కొన్నాను. దాని తీగ ఆరు మీటర్లు ఉంటుంది, నటుణ్ణి కట్టేసినట్టే ఉంటుంది కానీ కూర్చుని మాట్లాడే సీనుకి బాగానే పనిచేస్తుంది. అందులో ఎల్ఆర్44 బిళ్ళ బ్యాటరీ వేయాలి. అది పొందూరులో వాచీల కొట్లో దొరికింది.

బ్యాటరీల సంగతి ఎవరూ ముందు చెప్పరు. షాట్‌గన్ మైకుకి రికార్డరే 48 వోల్టుల ఫాంటమ్ పవర్ ఇవ్వాలి. అది ఆన్ చేస్తే రెండు పెన్సిల్ సెల్స్ చూస్తుండగానే అయిపోతాయి. పవర్ బ్యాంక్ పెడదామని చూస్తే, రికార్డరు తీసుకునే కరెంటు మరీ తక్కువని, ఫోన్ ఛార్జింగ్ అయిపోయిందనుకుని నా పవర్ బ్యాంక్ దానంతటదే ఆగిపోయేది. ఇంటి దగ్గరే పరీక్షించుకోబట్టి బతికాం. రీఛార్జబుల్ సెల్స్ రెండు సెట్లు, ఒక ఛార్జరు కొని, ఒక సెట్ వాడుతుంటే ఇంకోటి ఛార్జింగులో పెట్టాం.

18వ తేదీ పొద్దున్న ఫ్యాను ఆపించాను, ఫ్రిజ్ ప్లగ్ పీకాను. పీకి, నా బైకు తాళం ఫ్రిజ్‌లో పెట్టాను. ఇది సౌండ్ వాళ్ళు ఎప్పటినుంచో చేసే పనే: సాయంత్రం తాళం కోసం ఫ్రిజ్ తెరవక తప్పదు, ప్లగ్ పెట్టడం మర్చిపోయే వీలుండదు. మామ్మ ఇంట్లో పాలు విరగ్గొడితే రెండో రోజు షూటింగు ఉండదు మరి.

బూమ్ పట్టుకుంది బావ తమ్ముడు, ఇంటరు చదువుతున్నాడు. మైకు తల పైనుంచి, ఫ్రేముకి కొంచెం బయట, నోటికేసి వాలి ఉండాలి. రెండడుగులు దూరం జరిగితే గొంతు పోయి గది మోత వస్తుంది. చేతులు పైకెత్తి అయిదు నిమిషాలు నిలబడితే ఎవరికైనా వణుకు వస్తుంది. ఆ వణుకు కర్రలోంచి మైకులోకి దిగుతుంది. వాడి చేతి కడియం తీయించాక సగం చప్పుడు తగ్గింది.

బొచ్చు తొడుగు చూసి మామ్మ మొదటి టేక్ మధ్యలోనే ఆగిపోయింది.

"ఏట్రా బాబూ, ఆ పిల్లితోక నా మొకమ్మీద ఊపుతున్నావు?"

"నీ మాట పట్టడానికి మామ్మా."

"నా మాటకి ఇంత కర్రెందుకురా, పక్కన కూకుంటే సెప్పనా?"

ఆ టేక్ ఎడిట్‌లో పోయింది గానీ నా ఫోన్‌లో దాచుకున్నాను.

తరవాత చిక్కు చీరతో. ఊరు పేరు నిలబెట్టాలని బావ కొత్త పొందూరు ఖద్దరు చీర కట్టించాడు. గంజి విరగలేదు. కాలర్ మైకు ఎక్కడ పెట్టినా, మామ్మ ఊపిరి తీస్తే గరగర, చెయ్యెత్తితే గరగర. మెడికల్ షాపు పేపర్ టేపుతో మైకుని రవికె లోపలి అంచుకి, తీగకి ఒక చుట్టు వదిలి అంటించాం. కొంత నయం. చివరికి ఆవిడ రోజూ కట్టుకునే పాత చీరే కట్టుకోమన్నాను. బావకి నచ్చలేదు. హెడ్‌ఫోన్స్ ఆయన చెవికి పెట్టి రెండూ వినిపించాక ఏమీ అనలేదు. గాజులు మాత్రం తీయించలేదు. నూలు వడుకుతుంటే ఆ గాజుల చప్పుడు ఉండాల్సిందే. మాట మీద గాజు పడ్డప్పుడే ఇబ్బంది.

మీటరు సున్నా దాటితే గొంతు పగిలిపోతుంది కాబట్టి, లెవెల్స్ మైనస్ 12 డెసిబెల్ దగ్గర ఆడేట్టు పెట్టాను, కొడుకు అరిచే సీనుకి ఇంకా తగ్గించాను. రికార్డింగు నాణ్యత 48 కిలోహెర్ట్జ్, 24 బిట్. గంట స్టీరియో రికార్డింగు ఒక జీబీకి కొంచెం పైన వస్తుంది, కార్డు గురించి బెంగ అక్కర్లేదు. క్లాప్ బోర్డు లేదు. ప్రతి టేక్ ముందు సీను నంబరు, టేక్ నంబరు మైకులో చెప్పి, కెమెరాకి కనిపించేలా చప్పట్లు కొట్టాం. ప్రతి చోటా ఆఖర్న ఒక నిమిషం ఎవరూ కదలకుండా ఉత్తి గది చప్పుడు రికార్డు చేశాను. దీన్నే రూమ్ టోన్ అంటారు. ఇది తీసేటప్పుడు అందరికీ నన్ను చూస్తే విసుగు. వీధరుగు మీద కూర్చున్న పెద్దాయన ఒకరు "ఏటీ ఇనబడ్డం లేదు గదా, ఏటి రికార్డు సేస్తన్నాడు?" అని గట్టిగానే అన్నారు. మళ్ళీ మొదటినుంచి.

సినిమాలో ముఖ్యమైన మాట మామ్మది: "నానెక్కడికీ రాను. తిన్నావేటి?" ఆ టేక్‌లో ఆవిడ మొహం అద్భుతంగా వచ్చింది. సరిగ్గా "రాను" మీద గూడ్సు హారన్ పడింది. ఇంకో టేక్ తీస్తే రైలు లేదు, మొహమూ లేదు. అప్పుడు కెమెరా ఆపించి, ఆవిణ్ణి అక్కడే కూర్చోబెట్టి, అదే మాట మైకుకి మాత్రమే చెప్పించాను. వరసగా ఏడెనిమిది రకాలుగా చెప్పింది, ఒక్కోసారి ఒక్కోలా. వైల్డ్ ట్రాక్ అంటారు దీన్ని. అది తీసుకున్నందుకు తరవాత ఎన్నిసార్లు నా భుజం నేనే తట్టుకున్నానో.

ఆ రాత్రి ఊరు సద్దుమణిగాక, పదకొండు దాటాక, ఉత్తి పని చప్పుళ్ళు పట్టాను. పొందూరు ఖద్దరుకి పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో ఏకుతారు. చేతిలో ఇమిడిపోయే ఎముక, సన్నటి పళ్ళు వరసగా. మామ్మ గింజతో ఉన్న పత్తిని ఎడమచేత్తో పట్టుకుని దువ్వుతుంటే సర్ర్ సర్ర్ మని వస్తుంది, మధ్యలో గింజకి తగిలి చిన్న టిక్కు. పగలు ఈ చప్పుడు ఉన్నట్టే తెలీదు. మైకుని జానెడు దూరానికి తెచ్చి గెయిన్ (రికార్డరు మైకు చప్పుడుని పెంచే మోతాదు) పెంచితే రికార్డరు సొంత హిస్, అంటే బుస్సుమనే చప్పుడు, కూడా పెరిగింది. ఇంకా దగ్గరికి తెచ్చి గెయిన్ తగ్గించాను. ఆవిడ ముక్కు ఊపిరి పడకుండా మైకుని కిందనుంచి పైకి పెట్టాల్సి వచ్చింది. రాట్నం చప్పుడు రెండు చోట్ల వేరుగా తీశాను, చక్రం ఇరుసు దగ్గర ఒకటి, కదురు దగ్గర ఒకటి. ఇరుసు దగ్గర మూలుగు, కదురు దగ్గర సన్నటి ఈల. మర్నాడు మగ్గం దగ్గర ఇవేవీ పనికిరాలేదు, పడుగు మధ్య అటూ ఇటూ పరిగెత్తే నాడె కొట్టుకునే దెబ్బకి మీటరు ఎర్రబడిపోయింది. మైకుని గుమ్మం దాటించి పెడితే సరిపోయింది.

సోమవారం పదికి ముందే సామాను ఇచ్చేశాం. డిపాజిట్ అప్పుడే ఇవ్వలేదు, చెక్ చేసి వేస్తామన్నారు. పన్నెండు రోజులకి పడింది, బొచ్చు తొడుగుకి మట్టి అంటిందని 300 కోసుకుని.

ఇక నిరీక్షణ. ఇక మార్పుల్లేవని బావ ఎడిట్ లాక్ చేసి ఇస్తే తప్ప నాకు పని లేదు. "ఈ ఆదివారం" అంటూ నాలుగు వారాలు నడిపాడు. ఈలోగా రథసప్తమి అయిపోయింది, మాఘం పెళ్ళిళ్ళు వచ్చి నా అసలు పని నెత్తిమీద పడింది. ఫిబ్రవరి చివర్లో లాక్ అయిందన్నాడు. బావ ప్రీమియర్‌లో ఎడిట్ చేస్తాడు, నేను సౌండ్‌కి రీపర్ అనే సాఫ్ట్‌వేర్ వాడతాను. రీపర్ అరవై రోజులు ఊరికే వాడుకోవచ్చు, తరవాత చిన్న లైసెన్సుకి 60 డాలర్లు. ఎడిట్‌లోని సౌండ్ ముక్కల్ని ఉన్నవి ఉన్నట్టు ఇంకో సాఫ్ట్‌వేర్‌కి పంపే ఏఏఎఫ్ ఫైలు బావ పంపితే రీపర్ తెరవలేదు, దానికి ఆ సదుపాయమే లేదు. ఒక్కో ట్రాక్‌నీ మొదటినుంచి చివరిదాకా వేవ్ ఫైలుగా తీసి ఇమ్మన్నాను. అలా తీస్తే ప్రతి మాటా కట్ దగ్గర మొండిగా తెగిపోయి వస్తుంది, వెనకా ముందూ మిగులు ఉండదు. ఆ అతుకుల్ని పూడ్చింది అందరూ విసుక్కున్న రూమ్ టోనే.

రెండో కెమెరాగా ఫోన్ వాడారు. దాని షాట్లలో మాట మొదట్లో పెదవులతో కలిసి, నిమిషం గడిచేసరికి వెనకబడేది. ఫోన్లు వెలుతురుని బట్టి ఫ్రేమ్ రేటు మార్చుకుంటూ పోతాయి, సెకనుకి ఇన్ని ఫ్రేములని నిలకడ ఉండదు. ఆ క్లిప్పులన్నీ హ్యాండ్‌బ్రేక్ అనే సాఫ్ట్‌వేర్‌లో స్థిరమైన ఫ్రేమ్ రేటుకి మార్చి, మళ్ళీ టైమ్‌లైన్‌లో పెట్టించాను. ఈ పని ఎడిటింగుకి ముందే చేసుకోవాలి. తరవాతైతే ఎడిటర్ ఏడుస్తాడు, మా బావ ఏడ్చాడు.

లాక్ అన్న తరవాత బావ రెండో నిమిషంలో ఒక షాటు పది ఫ్రేములు కత్తిరించాడు. "పదే కదా" అన్నాడు. దాని తరవాతున్న ప్రతి అడుగు చప్పుడూ, ప్రతి గాజూ పది ఫ్రేములు పక్కకి జరిగిపోయాయి. ఆ రాత్రి నేను ఫోన్‌లో అన్న మాటలు మా అక్క వినకూడదు.

శుభ్రం చేసే పని మార్చిలో. నాయిస్ రిడక్షన్ అనేది మొదట్లో మంత్రంలా అనిపిస్తుంది. రూమ్ టోన్‌ని నమూనాగా చూపించి గట్టిగా తీసేశాను, మామ్మ నూతిలోంచి మాట్లాడుతున్నట్టు వచ్చింది. ఆరేసి డెసిబెల్ చొప్పున రెండు విడతలు తీస్తే గొంతు నిలబడింది. ఇన్వర్టర్ హమ్ 50, 100, 150 హెర్ట్జ్ దగ్గర కూర్చుంటుంది, అక్కడ సన్నగా కోసేస్తే చాలు. 80 హెర్ట్జ్‌కి కింద ఉన్న గుర్రు మొత్తం తీసేశాను. కాకుల్ని ముట్టుకోలేదు. పొందూరు పెరట్లో కాకి లేకపోతే అది సెట్ అని తెలిసిపోతుంది. "రాను" అన్న మాటకి వైల్డ్ ట్రాక్‌లో నాలుగోది పెదవులకి దాదాపు సరిపోయింది. "నానెక్కడికీ" అసలు టేక్‌ది, "రాను" అప్పుడు తీసింది, మధ్యలో అతుకు కింద దూరంగా రైలు. రైలుని పూర్తిగా తీసేయకుండా, మాట అయ్యాక వచ్చేలా జరిపాను.

కొడుకు మాటలు కొన్ని మాత్రం బాగుచేయలేకపోయాం, డబ్బింగు తప్పలేదు. విశాఖలో ఒక చిన్న స్టూడియో, గంటకి 700. కుర్రాడు పొందూరులో "ఎల్దాం రాయే అమ్మా, ఇంకేటున్నాదిక్కడ" అన్నాడు. స్టూడియోలో ఇంజనీరు గ్లాసు అవతలనుంచి "వెళ్దాం అనండి, క్లియర్‌గా పలకండి" అని దిద్దడం మొదలుపెట్టాడు. కుర్రాడు కంగారుపడి న్యూస్ చదివినట్టు చదివాడు. నాకు ఒళ్ళు మండింది. మన యాస సినిమాల్లో వినపడితే జనం నవ్వాలన్నది ఎవరు పెట్టిన రూలో గానీ, ఏడుపు సీనుకి అది పనికిరాదని చాలామందికి గట్టి నమ్మకం. గంట డబ్బులు కట్టి బయటికొచ్చేశాం. ఆ రాత్రి శ్రీకాకుళంలో, నాగావళి గట్టు దగ్గర కారు ఆపి, అద్దాలు ఎత్తి, వెనక సీటు మీద దుప్పట్లు పరిచి, కుర్రాడి చేతిలో లాప్‌టాప్ పెట్టి చెప్పించాను. కారు లోపల మోత తక్కువ, గొంతు ప్రతిధ్వని లేకుండా ఎండుగా వస్తుంది. దాని మీద మామ్మ ఇంటి రూమ్ టోన్ వేసి, కొంచెం గది ప్రతిధ్వని కలిపితే ఇంట్లో అన్నట్టే ఉంది.

మామ్మ చేత కూడా ఒక వాక్యం డబ్బింగు చెప్పించాలని లాప్‌టాప్ తీసుకెళ్ళాను. తెర మీద తనని తాను చూసుకుని చాలాసేపు మాట్లాడలేదు. చెప్పమంటే, "అది సెప్తంది గదా, మళ్ళీ నాను సెప్పడమెందుకు?" అంది. ఎంత బతిమాలినా తెర మీదున్న ముసలమ్మ మాట్లాడుతుంటే ఈవిడ మర్యాదగా నోరు మూసుకుని వినేది. ఆ వాక్యం తీసేశాం. దానివల్ల సీను పాడవలేదు.

సంగీతానికి బావ రేడియోలో పాత సినిమా పాట పెడదామన్నాడు. కాపీరైట్ క్లెయిమ్ వస్తుందని వద్దన్నాను. విజయనగరంలో వయొలిన్ నేర్చుకుంటున్న అమ్మాయి ఒకామె రెండు నిమిషాలు వాయించింది. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు పాఠాలు చెప్పిన ఊరు కదా, అక్కడ వయొలిన్‌కి కరువేమిటి. ఆవిడ ఇంట్లోనే, ఫోన్ ఆపించి, మైకుని కమాను వైపు కాకుండా కొంచెం పైకి ఎత్తి తీశాను. డబ్బులు వద్దంది. పెట్రోలు, మిఠాయి డబ్బా.

మిక్సింగు హెడ్‌ఫోన్స్‌లో చేసి, ఫోన్ స్పీకర్లో, మా ఇంట్లో టీవీలో, బావ కార్లో విని సరిచేశాను. ఫోన్‌లో రైలు అసలు వినపడలేదు, దాని చప్పుడంతా కిందనే ఉంటుంది. పట్టాల అతుకుల టకటక కొంచెం పెంచాను. యూట్యూబ్ మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్‌కి (మొత్తం మీద సౌండ్ ఎంత గట్టిగా ఉందో చెప్పే కొలత) మించి గట్టిగా ఉంటే తగ్గించేస్తుంది కాబట్టి ఆ దరిదాపుల్లో ఉంచాను. ఏప్రిల్‌లో ఒక కాలేజీ హాల్లో వేసినప్పుడు వాళ్ళ దగ్గరున్నవి మీటింగుల స్పీకర్లు, పైగా ఒక పక్కదే పనిచేసింది. ముందే మోనోలో, అంటే రెండు పక్కల సౌండూ ఒకటిగా కలిపి, విని చూసుకున్నాను కాబట్టి మాటలు పోలేదు. వాలుగ దవడ చప్పుడు మాత్రం హాలు ఫ్యాన్లలో కలిసిపోయింది. ఫ్యాన్లు ఆపమంటే ఏప్రిల్‌లో ఎవరు ఆపుతారు.

ఖర్చు అడిగేవాళ్ళకి: అద్దె 3,600, కోత 300, కాలర్ మైకు 900, సెల్స్ ఛార్జరు 1,600, స్టూడియో గంట 700, విశాఖ రానుపోను, పెట్రోలు, భోజనాలు కలిపి ఇంకో మూడున్నర వేలు. నా రాత్రులకి బావ ఇంకా లెక్క కట్టలేదు. వచ్చే సినిమా కళింగపట్నం బీచ్‌లో అంటున్నాడు. గాలి ఎంత ఉందో ముందు హెడ్‌ఫోన్స్‌తో విని వచ్చాకే మాట ఇస్తానన్నాను.